అక్క ఫీలవ్వదు

మా ఇంట్లో ఫీల్ అయ్యే పని మొదటినుంచీ నాదే. మా తోడికోడలు, అంటే మా బావగారి భార్య, నేను అక్కా అని పిలిచే మనిషి, ఆ పనిలో నాకు ఎప్పుడూ సాయం రాలేదు. కూర బాగాలేదని ఎవరైనా అంటే నేను కంచం ముందునుంచి లేచిపోతాను. అదే మాట తనను అంటే "అవునా, ఏదీ" అని ఒక ముద్ద నోట్లో వేసుకుని, "నిజమే, ఉప్పు మరిచిపోయాను" అంటుంది. ఉప్పు తెచ్చి చల్లుతుంది. అక్కడితో ఆ కథ అయిపోతుంది. నా కథలు అంత తొందరగా అవ్వవు.

నేను పెళ్ళై ఈ ఇంటికి వచ్చేసరికి మా అత్తగారు బతికే ఉన్నారు. ఆవిడ ఫీల్ అవ్వడంలో నాకు గురువులాంటి మనిషి. నీళ్ళు ఇస్తే ఎందుకింత చల్లగా ఇచ్చావని, ఇవ్వకపోతే దాహమని తెలిసి కూడా ఇవ్వలేదని. మేమిద్దరం ఒకే వంటింట్లో చెరో మూల మూతి ముడుచుకుని కూర్చుంటే, మధ్యలో అక్క ఒక్కతే పొయ్యి దగ్గర నిలబడి కూనిరాగం తీస్తూ ఉండేది. "నీకు కోపం రాదా అక్కా?" అని ఒకసారి అడిగాను. "ఇంట్లో ఇద్దరు ఫీలవుతుంటే మూడోదానికి చోటెక్కడుందే? మరి వంట ఎవరు చేస్తారు?" అంది. అప్పుడు నేను ఆ మాటకి కూడా ఫీల్ అయ్యాను.

ఇంతకీ నేను బడిలో ఇంగ్లీషు చెబుతాను, చిన్న తరగతులకి. మా పాఠ్యపుస్తకంలో ఫీల్ అన్న మాటకి రాసి ఉన్న అర్థం తాకి తెలుసుకోవడం అని. పక్కన ఒక బొమ్మ, ఒక పాప కుందేలు వీపు మీద చెయ్యి వేసి నవ్వుతూ ఉంటుంది. ఈ మాటతో సొంత వాక్యం రాసుకురమ్మంటే, ఒక పిల్ల "పెన్సిలు ఇవ్వనందుకు మా ఫ్రెండు మీద నేను ఫీల్ అయ్యాను" అని ఇంగ్లీషులో రాసుకొచ్చింది. ఎర్ర సిరాతో కొట్టేశాను గానీ, కొట్టేశాక నాకే నవ్వొచ్చింది. ఆ వాక్యం ఇంగ్లీషులో తప్పేమో గానీ మన ఇళ్ళలో నూటికి నూరుపాళ్ళూ ఒప్పు.

మనవాళ్ళలో కుందేలు వీపు నిమిరి ఫీల్ అయ్యానన్న మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. మనకి ఫీల్ అవ్వడం అంటే మనసు నొచ్చుకోవడం. పిలవకపోతే ఫీల్ అవుతాం, పిలిచి సరిగా పలకరించకపోతే ఇంకా ఫీల్ అవుతాం. అదే మాట కొంచెం తిప్పితే అర్థం ఎటో వెళ్ళిపోతుంది. పక్కింటి కుర్రాడు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వీధిలో నడిస్తే "పెద్ద హీరోలా ఫీలవుతున్నాడు" అంటాం. వాడి మనసేమీ నొచ్చుకోలేదు, మనదే కాస్త నొచ్చుకుంది. పాట బాగుంటే ఫీల్ ఉందంటాం. బట్టల కొట్లో అయితే గుడ్డ తాను విప్పి కౌంటరు మీద పరిచి "ఫీల్ చూడండి మేడమ్" అంటారు. పుస్తకంలోని అర్థానికి కాస్త దగ్గరగా వచ్చేది ఆ బట్టల కొట్టువాడొక్కడే. అతనికి కూడా మనం ముట్టుకోవడం కన్నా కొనడమే ముఖ్యం.

ఈ ఒక్క మాట దగ్గర మా అక్క చెయ్యి పోయేంత పనైంది. అందుకే ఇదంతా చెబుతున్నాను.

అక్క కాజాలు కుడుతుంది. చొక్కాకి గుండీ దూరే చీలిక ఉంటుంది కదా, దాన్నే కాజా అంటారు. గుడ్డ కోసిన చోట పోగులు ఊడిపోకుండా చుట్టూ దారంతో దగ్గర దగ్గరగా కుట్టాలి. ఇప్పుడు దానికి మిషన్లు వచ్చేశాయి. అయినా కోట్లకీ, ఖరీదైన గుడ్డలకీ మా వీధి చివరి టైలరు మాస్టరు మిషనును నమ్మడు. "మిషను వేసిన కాజా నాలుగు ఉతుకులకి నోరు తెరుస్తుంది, మీ అక్క వేసింది చొక్కా చిరిగినా తెరవదు" అంటాడు. ఆ కొట్టు రెండు గదులు. ముందుగదిలో మాస్టరు, మిషన్లు, ఇస్త్రీ బల్ల, ఎప్పుడూ వేడి గుడ్డ వాసన. వెనక గదిలో కిటికీ కింద ఒక పొట్టి బల్ల, ఒక దీపం, అర అరగా విడదీసిన గుండీల డబ్బా. ఆ బల్ల అక్కది. తను రాని రోజున కూడా దాని మీద ఇంకెవరూ కూర్చోరు.

కొత్త గుడ్డ ఏది వచ్చినా కత్తెర పెట్టే ముందు మాస్టరు ఒక కొస పట్టుకొచ్చి అక్కకి అందిస్తాడు. అక్క దాన్ని బొటనవేలికీ మొదటి రెండు వేళ్ళకీ మధ్య ఒకసారి రుద్దుతుంది. అప్పుడు తన కళ్ళు గుడ్డ మీద ఉండవు, కిటికీ బయట ఎటో ఉంటాయి. "ఇది నీళ్ళు తగిలితే పొట్టవుతుంది, ముందు తడపండి" అంటుంది. లేదా "దీనికి సన్నసూదే వాడాలి, లావుది పడితే పోగు తెగుతుంది" అంటుంది. ఎలా తెలుసని అడిగితే చెప్పలేదు. "నేను చదువుకోకపోయినా నా వేళ్ళు కాస్త చదువుకున్నాయే" అని నవ్వుతుంది.

ఆ వేళ్ళే దెబ్బతిన్నాయి. వాన కురిసి వెలిసిన ఒక పొద్దున, కొట్టు వెనక మెట్ల మీద, కుట్టడం పూర్తయిన కోట్లు చేతి మీద వేసుకుని దిగుతూ జారింది. పడేటప్పుడు మామూలు మనుషులు చేతిలో ఉన్నది వదిలేస్తారు. అక్క ఎడమచేత్తో కోట్లను పైకెత్తి పట్టుకుని, బరువంతా కుడి మణికట్టు మీద వేసి పడింది. మాస్టరు పరుగెత్తుకొచ్చేసరికి "కోట్లకి బురద అంటలేదు, చూసుకోండి" అందట. ఎముక విరిగింది. సిమెంటు కట్టు కట్టారు.

కట్టు విప్పిన రోజున ఆ చెయ్యి మా అక్కదిలా లేదు. పాలిపోయి, సన్నబడి, ఎవరిదో తెచ్చి అతికించినట్టుంది. వేళ్ళు వంగవు, వంగినవి మళ్ళీ చాపుకోవు. చివర్లు ఎప్పుడూ తిమ్మిరిగా ఉన్నాయంది. సూదిలోకి దారం ఎక్కించబోతే సూదే జారి పడిపోయింది. మర్నాడు పెద్దాసుపత్రిలో చేతుల డాక్టరు దగ్గరికి బావగారు తీసుకెళ్ళారు. నాకు బడి సెలవు దొరకలేదు. దొరికి ఉంటే ఈ కథ ఆ గదిలోనే అయిపోయేది.

మా బావగారు బస్సు కండక్టరు. పగలంతా "ముందుకు జరగండి, లోపల ఖాళీ ఉంది" అని అరిచి అరిచి ఇంటికొచ్చాక మాటలు పొదుపు చేస్తారు. ఆ సాయంత్రం నేను చెప్పులు విప్పకుండానే "ఏమన్నారు బావగారూ?" అని అడిగాను.

"స్పర్శ లేదన్నారమ్మా" అన్నారు.

"అంటే?"

"వేళ్ళకి. సూదితో పొడిచి చూశారు. నరం దెబ్బతిందట. కోసి చూడాలట." గోడకేసి చూస్తూ అన్నారు, "కోసి చూసినా మునుపటి పని కష్టమేనట."

అక్క పొయ్యి దగ్గర ఎడమచేత్తో పాలు కలియబెడుతోంది. అంతా వింది. "పాలు పొంగే వేళకి మాటల్లో పెట్టకండి" అంది. గొంతులో తేడా ఏమీ లేదు. నాకు మాత్రం ఆ రాత్రి ముద్ద దిగలేదు. నేను ఆ వేళ్ళు కుట్టిన రవికెలు వేసుకుని బడికి వెళ్ళే మనిషిని. మా ఇద్దరిలో పని వచ్చిన మనిషి తనే. ఆ పని తీసేస్తే తనకి ఏం మిగులుతుందో నా ఊహకి అందలేదు.

ఆపరేషన్‌కి రోజు చెప్పారు. అది వచ్చేలోపు టైలరు మాస్టరు ఇంటికొచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని, ఇచ్చిన టీ చల్లారబెట్టి, చివరికి అసలు సంగతికి వచ్చాడు.

"కోట్ల ఆర్డరు ఒకటుందమ్మా. వేరే ఆమెని పెట్టుకున్నాను. నీ చెయ్యి బాగయ్యేదాకానే. ఏం ఫీలవ్వకు."

"నేనేం ఫీలవుతాను మాస్టారూ, పని ఆగకూడదు కదా" అంది అక్క.

అతను వీధి మలుపు తిరగకముందే నేను ఒంటికాలి మీద లేచాను. ఇన్నేళ్ళు చేసిన మనిషికి ఇదా మర్యాద అన్నాను, ఆ బల్ల మీద ఇంకొకరిని ఎలా కూర్చోబెడతాడన్నాను, మళ్ళీ మన గుమ్మం తొక్కితే ఊరుకోనన్నాను. అక్క నా అరుపులు అయ్యేదాకా ఆగి, "పాపం టీ కూడా తాగలేదు చూడు" అంది.

తర్వాత నేను గిన్నెలు తోముకుని వచ్చేసరికి తను కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఒళ్ళో ఏదో చొక్కా గుడ్డ. ఎడమచేతి వేళ్ళ మధ్య దాని కొస పెట్టుకుని రుద్దుతోంది. కళ్ళు కిటికీ బయట ఉన్నాయి.

"ఏమైనా తెలుస్తోందా?" అన్నాను.

"ఎడమచేతికి ఏం తెలుస్తుందే, అది బడికి వెళ్ళలేదు" అంది. కాసేపటికి, నాతో కాదన్నట్టుగా, "ఆ కొత్తామె కాజా చివర ముడి ఎలా వేస్తుందో ఏమో" అంది.

నేను వంటింట్లోకి వెళ్ళిపోయి ఏడ్చాను. నా కోసం నేను ఏడ్చుకోవడం అలవాటే గానీ ఇంకొకరి కోసం ఏడవడం నాకు కొత్త. ముక్కు చీదుకునే చప్పుడు వినిపించకుండా కుళాయి తిప్పాను.

ఆపరేషన్ రోజు ఇంకా రాకముందే ఒక సాయంత్రం నేను బడినుంచి కారాలూ మిరియాలూ నూరుతూ వచ్చాను. మా హెడ్‌మిస్ట్రెస్ పిల్లలందరి ముందు నా బోర్డు మీది అక్షరం దిద్దింది. అక్షరం తప్పే, అది వేరే సంగతి. సంచీ మంచం మీదికి విసిరేసి, ఆవిడ ఏమందో, నేను ఏమనాల్సిందో, అనకుండా ఎందుకు ఊరుకున్నానో మొత్తం చెప్పాను. అక్క వేణ్ణీళ్ళ గిన్నెలో చెయ్యి ముంచుకుని కూర్చుని వింది.

"పోనీలేవే, ఫీలవ్వకు" అంది చివరికి.

నాకు మండిపోయింది. "నీకేం తల్లీ, నువ్వు దేనికీ ఫీలవ్వవు. డాక్టరు సూదితో పొడిచినా ఫీలవ్వలేదుగా" అన్నాను. నోరు జారాక నాలుక కరుచుకున్నాను. చెయ్యి పోయిన మనిషిని అనాల్సిన మాట కాదది.

అక్క మాత్రం నవ్వింది. "ఏం చేయనే? పాపం, చిన్నవాడు. కొడుకులాంటివాడు. పొడిచిన ప్రతిసారీ అడుగుతున్నాడు, ఫీలవుతున్నారా అమ్మా, ఇప్పుడు ఫీలవుతున్నారా అని. అబ్బే, నేనేం ఫీలవ్వట్లేదు బాబూ, మీ పని మీరు కానివ్వండి అన్నాను. అంత మర్యాద తెలిసిన డాక్టర్ని నేనెక్కడా చూడలేదు."

నా కళ్ళ ముందు కుందేలు బొమ్మ కనిపించింది.

"అక్కా, ఆయన పొడిచినప్పుడు నీకు తెలిసిందా?"

"తెలీకపోవడమేంటి? సూది పోటు తెలీదా?"

"మరి చెప్పలేదేం?"

"ఏం చెప్పను? పోటు తెలిసిందా అని అడిగితే కదా చెప్పడానికి. ఫీలయ్యావా అని అడిగాడు. చిన్నవాడి మీద ఫీలవుతామా?"

"కనీసం ఉలిక్కిపడొచ్చుగా."

"సూదికి ఉలిక్కిపడే వేళ్ళా ఇవి?" అంది అక్క, గిన్నెలోంచి చెయ్యి పైకెత్తి చూపిస్తూ.

నేను సంచీ బోర్లించాను. కళ్ళు మూసుకోమన్నాను. తుడిచిన ఆ చేతి వేళ్ళ కింద మొదట సుద్దముక్క పెట్టాను. "సుద్ద" అంది. నా రవికె హుక్కు తెంపి పెట్టాను. "హుక్కు. నువ్వు తెంపావా ఏంటి? అది మళ్ళీ ఎవరు కుడతారు?" అంది. రబ్బరు, రిబ్బను, మడత పెట్టిన రుమాలు. వేళ్ళు మొద్దుగా కదిలాయి, ఒక్కొక్కటీ చెప్పడానికి చాలాసేపు పట్టింది, అయినా చెప్పింది. చూపుడువేలి కొస దగ్గర మాత్రం తడబడింది. చివరికి నేను నా చెయ్యి పెట్టాను. "నువ్వు" అంది. నేను తన మెడ చుట్టూ చేతులు వేసి భోరుమన్నాను. ఎందుకో తెలియక తను నా వీపు నిమురుతూ "ఆ హెడ్‌మిస్ట్రెస్ సంగతి మరిచిపోవే" అంటూనే ఉంది.

బావగారు డ్యూటీ దిగి వచ్చాక ఆయన్ని గుమ్మంలోనే నిలబెట్టి అడిగాను. "మీరు పక్కనే ఉన్నారు కదా బావగారూ. డాక్టరు ఏమడుగుతున్నాడో మీకైనా తట్టలేదా?"

ఆయన భుజం మీది తోలుసంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చున్నారు. బాగా ఆలోచించారు. "నేను కూడా అదే అనుకున్నానమ్మా. మంచివాడు, మనుషుల్ని కనుక్కుని మరీ వైద్యం చేస్తున్నాడని" అన్నారు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఆ కుర్రాణ్ణి మెచ్చుకుంటూ ఇంటికి వచ్చేశారన్నమాట. తర్వాత అతను చెయ్యి పనికిరాదంటే, అంత మంచివాడు ఊరికే అంటాడా అని నమ్మేశారు.

మర్నాడు సెలవు పెట్టాను. ఇస్తారా అని అడగలేదు, పెడుతున్నానని చెప్పాను. ఆసుపత్రికి వెళ్ళే బస్సులో దారి పొడుగునా డాక్టర్ని ఉతికి ఆరేయడానికి మాటలు సిద్ధం చేసుకున్నాను. తెలుగు మనిషివై ఉండి నీకు ఆ మాత్రం తెలియదా అనేది మొదటి వాక్యం. దాని వెనక ఇంకా చాలా ఉన్నాయి, ఒకదాన్ని మించి ఒకటి.

డాక్టరు నిజంగానే చిన్నవాడు. బల్ల మీద అరచేయంత ప్లాస్టిక్కు ఎముకల బొమ్మ ఉంది, దాని చిటికెనవేలు విరిగిపోతే దారంతో కట్టి ఉంచారు. నేను కుర్చీలో కూర్చోకుండా నిలబడే సంగతంతా చెప్పాను. మొదటి వాక్యం అనేలోపే అతని ముఖం మారిపోయింది.

"అమ్మా, మీరు ఫీలవ్వట్లేదన్నది..." అని అక్కను చూశాడు.

"అవును బాబూ, నిజంగానే ఫీలవ్వలేదు" అంది అక్క, అతనికి ధైర్యం చెబుతున్నట్టుగా.

అతను లేచి వచ్చి అక్క ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కళ్ళు మూసుకోమన్నాడు. దూది తీసుకుని చిన్న పోగుగా నలిపి, బొటనవేలికి ఆనించి, అడగబోయి ఆగిపోయాడు. నోటిదాకా వచ్చింది ఆ పాత మాటే. నా వైపు తిరిగి "ఏమని అడగమంటారు?" అన్నాడు.

"తెలుస్తోందా అని అడగండి" అన్నాను.

"తెలుస్తోందా అమ్మా?"

"తెలుస్తోంది" అంది అక్క.

"ఇక్కడ?"

"తెలుస్తోంది."

"ఇక్కడ?"

అక్క కాసేపు ఆగింది. అది చూపుడువేలి కొస. గుడ్డ పట్టుకున్నప్పటిలాగే తల కొంచెం పక్కకి వంచింది. "అక్కడ దుప్పటి మీదనుంచి తాకినట్టుంది. తెలుస్తోంది గానీ దూరంగా తెలుస్తోంది."

బావగారు తలుపు దగ్గర నిలబడి, తాకిన ప్రతి వేలికీ తను కూడా తల ఊపుతున్నారు. డాక్టరు దూదితో అయ్యాక సూదితో, సూదితో అయ్యాక వేళ్ళు ఒక్కొక్కటీ వంచి, చాచి, తన వేళ్ళకి ఎదురు నొక్కమని చూశాడు. చాలాసేపు చూశాడు. చివరికి స్టూలు వెనక్కి జరిపి చెప్పాడు, నరం తెగలేదని. వాపు వల్ల నొక్కుకుపోయిందట, ఇప్పుడు వాపు తీస్తున్నకొద్దీ అదే తేరుకుంటోందట. కొయ్యాల్సిన పని లేదు. వేళ్ళకి రోజూ పని చెప్పాలి, ఓపిక పట్టాలి, అంతే.

"మళ్ళీ కాజాలు వేస్తుందా?" అని అడిగింది నేను కాదు, బావగారు.

"వేస్తారండీ. తొందరపెట్టకపోతే తప్పకుండా వేస్తారు."

మా నెత్తిన పాలు పోసినట్టయింది. అతను మాత్రం తేరుకోలేదు. కలం మూత తీస్తూ, పెడుతూ, "మా అమ్మతో రోజూ ఈ మాట మీదే గొడవండీ. నేను ఫోన్ చేయలేదని ఫీలవుతుంది, ఎందుకు ఫీలవుతావని నేను విసుక్కుంటాను. ఇంట్లో వాడే మాటే. ఈ కోటు వేసుకోగానే నాకు దాని అర్థం మారిపోయింది" అన్నాడు. తల దించుకున్నాడు. "అనవసరంగా చెయ్యి కోసేవాళ్ళం."

అక్క ఆ కుడిచేత్తోనే అతని భుజం తట్టింది. "పోనీలే బాబూ, ఫీలవ్వకు" అంది.

బావగారు నవ్వారు. పెళ్ళై వచ్చినప్పటినుంచి ఆయన అంత గట్టిగా నవ్వగా నేను వినలేదు. డాక్టరు కూడా నవ్వాడు. నేను సిద్ధం చేసుకున్న మాటలన్నీ అలాగే మిగిలిపోయాయి. పాఠం చెప్పేదాన్ని నేనూ ఆ మాటని ఇంట్లో ఒకలాగా, బడిలో ఒకలాగా వాడుకుంటూ ఇన్నాళ్ళు పట్టించుకోలేదు. ఇక అతన్ని ఏమని అనగలను? అయినా అంత మంచి మొదటి వాక్యం వృథా అయినందుకు కాస్త ఫీల్ అయ్యాను.

తిరుగు బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుంది, నేను తన పక్కన. టికెట్టు ఇచ్చిన కండక్టరు బావగారికి తెలిసినవాడే, ఆయన అతనితో కబుర్లలో పడ్డారు. నేను అక్కను మెల్లిగా అడిగాను. "నిజం చెప్పు. పని పోయిందనుకున్నప్పుడు నీకేమీ అనిపించలేదా?"

అక్క తన వేళ్ళను ఒళ్ళో పెట్టుకుని వంచుతూ, చాస్తూ ఉంది. "ఎందుకనిపించదే? చాలా ఫీలయ్యాను. ఇంతకుముందు ఎప్పుడూ అవ్వలేదు కదా, ఎలా అవ్వాలో తెలీలేదు. నీలాగా సంచీ విసిరేద్దామనుకున్నాను. చేతిలో బలం లేదు" అంది.

నేను ఆ చెయ్యి తీసుకుని నా చేతిలో పెట్టుకున్నాను. దిగే స్టాపు వచ్చేదాకా వదల్లేదు.

ఆ తర్వాత రోజులు గుండీల డబ్బాతో గడిచాయి. మాస్టరే తెచ్చిచ్చాడు, అన్ని అరల్లోవీ ఒకదాంట్లో ఒకటి కలిపేసి. కళ్ళు మూసుకుని చేత్తో తడిమి మళ్ళీ విడదీయాలి. పెద్దవి, చిన్నవి, రెండు చిల్లులవి, నాలుగు చిల్లులవి, గుడ్డ చుట్టినవి. మొదట్లో ఒక పూటకి ఒక అర నిండేది కాదు. గుండీలు దొర్లి మంచాల కిందికి పోతే మా ఆయనా, బావగారూ నేల మీద పాకి ఏరేవాళ్ళు. కూరలో ఒకసారి గుండీ వచ్చింది, ఎవరూ ఏమీ అనలేదు. చూపుడువేలి కొసకి కప్పిన ఆ దుప్పటి కొంచెం కొంచెంగా పలచబడుతోందని అక్క చెప్పేది. ఎండలు ముదిరేసరికి రెండు చిల్లుల గుండీని నాలుగు చిల్లుల గుండీనుంచి ఆ కొసతోనే విడదీసింది. కొత్తామె వెళ్ళిపోయింది. మాస్టరు కబురు పెట్టాడు, బల్ల తుడిపించి ఉంచానని.

వెళ్ళే ముందు ఇంట్లో ఒకటి కుట్టి చూసుకుంటానంది అక్క. మా ఆయన పాత చొక్కా ఒకటి తీసుకుంది. ఒకే ఒక్క కాజా. మధ్యాహ్నం కూర్చుంటే టీ వేళకి అయింది. పళ్ళతో దారం తెంపి, చొక్కా నా ఒళ్ళో పెట్టి, నా ముఖంలోకి చూసింది.

నేను టీచర్ని. ఒళ్ళో ఏది పెట్టినా దిద్దుతాను. "చివర కొంచెం వంకర పోయింది" అన్నాను.

అక్క చొక్కా తీసుకుంది. మడత పెట్టింది. గదిలోకి వెళ్ళిపోయింది. టీ చల్లారిపోయింది. ఎంతకీ రాకపోతే వెళ్ళి చూశాను. మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది.

"ఏంటక్కా?"

"ఏం లేదు."

ఆ ఏం లేదు నాది. ఆ గొంతు, ఆ సాగతీత, అచ్చంగా నావే. "అక్కా, ఫీలయ్యావా?"

"అయ్యాను" అంది గోడతోనే. "అవ్వనా మరి? ఇన్ని నెలలకి మొదటి కాజా. వంకరని అనడానికి నీకు నోరెలా వచ్చింది?"

నేను వాకిట్లోకి పరుగెత్తాను. బావగార్ని కేకేశాను, మా ఆయన్ని కేకేశాను. అక్క ఫీలయింది, వచ్చి చూడండి అన్నాను. ఇద్దరూ వచ్చి గుమ్మంలో నిలబడి, వింత చూసినట్టు చూశారు. బావగారు కళ్ళు తుడుచుకుంటున్నారు. "పోండి అందరూ" అంది అక్క, తిరగకుండానే.

ఆ పూట వంట నేనే చేయాల్సి వచ్చింది. అందరం కూర్చున్నాం. అక్క కూడా వచ్చింది, ముఖం ఇంకా అటే తిప్పుకుని. ఒక ముద్ద తిని, కూరలో ఉప్పు లేదంది. నేను ఒక ముద్ద నోట్లో వేసుకుని చూశాను. నిజమే, లేదు. లేచి వెళ్ళి ఉప్పు తెచ్చాను.